ముందు అమ్మకి రైలు టికెట్ తీయండి

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాను, మారతహళ్లిలో ఉంటున్నాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాపకి మూడేళ్ళు. నేను పీహెచ్‌డీ ఐదో ఏడు చివర్లో ఉన్నాను. పిల్లల పెంపకం కోసం ప్రభుత్వాలు ఇచ్చే నగదు భత్యం వల్ల కుటుంబాలు ఎంతవరకు బాగుపడుతున్నాయన్నది నా అంశం. ఎక్కువగా బ్రిటన్ మీద పని చేశాను. ఫెలోషిప్ ఆగిపోయింది. "ఇంకెన్నాళ్ళు? ఏదైనా ఉద్యోగం చూసుకో" అంటున్నారు మావారు. "లండన్ పిల్లలకి ఎవరు డబ్బులిస్తే నీకెందుకే?" అని మా అత్తగారి ఎగతాళి. అమ్మ మా దగ్గరే ఉంటోంది కాబట్టి ఇన్నాళ్ళూ పాప గురించి టెన్షన్ లేదు. అమ్మకి ఇక్కడ ఏ లోటూ లేదు, ఏం కావాలన్నా కొనిపెడతాం. సంక్రాంతికి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి నెల ఉండి వెళ్ళిన దగ్గర్నుంచి మాత్రం ఊరెళ్ళిపోతానంటోంది. "మీ అమ్మ ఉండగా వంటమనిషి ఎందుకు మీకు" అని అత్తయ్య సరదాకి అన్న మాట మనసులో పెట్టుకుందేమో. నాన్న ఊళ్ళో ఒక్కరే ఉంటారు, షుగర్ ఉంది, కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకుంటున్నారు. థీసిస్ అమ్మకే అంకితం ఇద్దామనుకున్నాను. చివర్లో ఇలా చేస్తుంటే ఏడుపొస్తోంది. నేను థీసిస్ పూర్తి చేయాలా, ఉద్యోగంలో చేరాలా? అమ్మని ఇంకో ఏడాది ఉండేలా ఎలా ఒప్పించాలి?

జవాబు: థీసిస్ పూర్తి చేయండి. ఇంత దూరం వచ్చాక వదిలేస్తే రేపు ఏ ఉద్యోగంలో చేరినా ఆ వెలితి పోదు. గడువు గురించి బెంగ వద్దు. యూజీసీ 2016 నిబంధనల్లో అయినా, 2022 నిబంధనల్లో అయినా మామూలు గడువు ఆరేళ్ళు. మహిళలకి దానిమీద అదనంగా వెసులుబాటు ఉంది. ప్రసూతికీ పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చని కూడా ఉంది. మీరు అది వాడుకున్నారో లేదో రాయలేదు. మీవారు "ఇంకెన్నాళ్ళు" అని అడగడం నేరమేమీ కాదు. ఒక్క జీతంతో ఇల్లు నడుపుతున్న మనిషి అడుగుతాడు. ఏ అధ్యాయం ఏ నెలకి పూర్తవుతుందో కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి. అత్తగారి లండన్ జోకులకి నవ్వి ఊరుకోండి.

ఇక అసలు సంగతి. అమ్మని ఒప్పించే ఉపాయం అడిగారు. నేను చెప్పను. వెళ్తానంటున్న మనిషిని వెళ్ళనివ్వాలి.

ఆవిడ ఎందుకు వెళ్తానంటున్నారో మీకు తెలుసు. తెలుసు కాబట్టే "సరదాకి" అని రాశారు. కూతురింట్లో, అల్లుడు వింటుండగా, నెలరోజుల పాటు తను వండి వడ్డించిన వియ్యపురాలి నోట ఆ మాట విన్నారు. పరాయివాళ్ళు అని ఉంటే దులిపేసుకునేవారు. సరే, అత్తగారు సరదాకే అన్నారనుకుందాం. అప్పుడు మీరేమన్నారు? అది మాత్రం ఉత్తరంలో లేదు. ఏమీ అని ఉండరనే అనుకుంటున్నాను. మీ అమ్మగారిని ఎక్కువ బాధపెట్టింది వియ్యపురాలి మాట కాదు, మీరు నోరు మెదపకపోవడం. అత్తగారి నోరు మనం అదుపు చేయలేం. "అమ్మ పాప కోసం వచ్చిందండీ, వంట మేమిద్దరం చూసుకుంటాం" అని ఒక్క మాట, గట్టిగా కూడా అక్కర్లేదు, మామూలుగా అని ఉంటే చాలు. ఆ మాట అనాల్సింది మీరే. అల్లుడు అంటే ఇంకా బాగుండేది కానీ, మన ఇళ్ళలో తల్లితో అలా మాట్లాడే కొడుకులు ఎంతమంది ఉన్నారు!

కూతురింట్లో మంచినీళ్ళు తాగడానికి కూడా మొహమాటపడే తరం ఆవిడది. మీ కోసం, పాప కోసం ఆ పట్టింపు పక్కన పెట్టి వచ్చారు. పక్కన పెట్టారంటే పోయిందని కాదు. అల్లుడు ఆఫీసు కాల్‌లో ఉంటే టీవీ కట్టేసి బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంటారు. కాళ్ళు నొప్పులని చెప్పరు, చెబితే అల్లుడి డబ్బుతో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదా. బెంగళూరులో సాయంత్రం ఏ అపార్ట్‌మెంటు పార్కులో చూసినా ఇలాంటి తెలుగు అమ్మమ్మలు, నానమ్మలు కనిపిస్తారు. ఒకరిది గుంటూరు, ఒకరిది కర్నూలు, ఒకరిది నల్గొండ. పిల్లల్ని జారుడుబండ మీద ఆడిస్తూ, ఊళ్ళో ఉన్న మనిషి ఈపూట ఏం తిన్నాడో ఫోన్‌లో కనుక్కుంటుంటారు. అరవై దాటిన భార్యాభర్తల్ని పిల్లల అవసరం కోసం చెరో ఊళ్ళో ఉంచడం మన మధ్యతరగతి ఇళ్ళలో ఎవరికీ తప్పనిపించడం లేదు. నాకు అనిపిస్తుంది. మీ అమ్మగారు మీ పాపకి అమ్మమ్మే కాదు, ఊళ్ళో షుగర్‌తో ఒంటరిగా ఉన్న ఒక మనిషికి భార్య. ఉత్తరంలో నాన్నగారికి మీరు ఒక్క వాక్యం ఇచ్చారు.

మీ చదువు సంగతికే వద్దాం, ఎందుకంటే అక్కడే నాకు కోపం వచ్చింది. 1945లో బ్రిటన్‌లో కుటుంబ భత్యం బిల్లు వచ్చినప్పుడు ఆ డబ్బు తండ్రికి ఇవ్వాలని మొదట రాశారు. అక్కడి ఎంపీ ఎలినార్ రాత్‌బోన్ ఏళ్ళ తరబడి పోరాడిందే తల్లి చేతికి ఇమ్మని. ఆవిడ పట్టుబట్టాక బిల్లు మారింది. 1946 ఆగస్టు నుంచి రెండో బిడ్డ మొదలుకొని వారానికి 5 షిల్లింగులు తల్లులకి అందాయి. 1977 నుంచి దాని స్థానంలో చైల్డ్ బెనిఫిట్ అనే భత్యం మొదటి బిడ్డ నుంచే వర్తించేలా వచ్చింది. అంతకుముందు పిల్లల పేరు మీద ఉన్న పన్ను మినహాయింపు తండ్రి జీతంలో కలిసేది, దాన్ని క్రమంగా ఎత్తేసి భత్యంగా తల్లికి ఇచ్చారు. ఇంటికి వచ్చే డబ్బు ఇంచుమించు అదే. అందుకునే చెయ్యి మారింది, అంతే. 1997లో లుండ్‌బర్గ్, పొలాక్, వేల్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, ఆ మార్పు తర్వాత మగవాళ్ళ బట్టలతో పోలిస్తే ఆడవాళ్ళ బట్టల మీద, పిల్లల బట్టల మీద ఖర్చు పెరిగిందని తేలింది. మీ థీసిస్‌లో ఇది లేకుండా ఉండదు.

ఇదంతా ఐదేళ్ళు చదివిన మనిషి "ఏం కావాలన్నా కొనిపెడతాం" అని ఎలా రాశారు? కొనిపెట్టడం వేరు, చేతిలో ఉండటం వేరు. ఈ తేడా మీద పుస్తకాలు చదివారు మీరు. మీ ఇంట్లో రోజంతా పాపని చూసే ఆవిడ చేతిలో ఎంత ఉంది?

ఇంకొకటి కూడా మీకు తెలిసే ఉంటుంది. బ్రిటన్‌లో 2011 ఏప్రిల్ నుంచి, తల్లిదండ్రులు ఉద్యోగాలకి వెళ్తుంటే పన్నెండేళ్ళ లోపు మనవల్ని చూసుకునే అమ్మమ్మలకీ నానమ్మలకీ తాతలకీ, వాళ్ళు పింఛను వయసులోపు వాళ్ళయితే, ఆ కాలం తమ పింఛను లెక్కలోకి వచ్చేలా క్రెడిట్లు తీసుకునే ఏర్పాటు ఉంది. చైల్డ్ బెనిఫిట్ అందుకునే తల్లికి వచ్చే క్రెడిట్‌నే ఇలా అమ్మమ్మకి మళ్ళిస్తారు. ఆ దరఖాస్తు మీద పిల్లల తల్లో తండ్రో సంతకం చేయాలి, అవును, మా పిల్లల్ని చూసింది ఈవిడే అని. స్వీడన్ అయితే 2024 జూలై నుంచి తల్లిదండ్రులకి రావాల్సిన వేతన సెలవు రోజుల్లో కొన్ని అమ్మమ్మలకీ నానమ్మలకీ తాతలకీ బదిలీ చేసుకోనిస్తోంది. ఆ దేశాల వాళ్ళు మనకన్నా ప్రేమగలవాళ్ళని కాదు. ముసలివాళ్ళ కష్టానికి లెక్క ఉండాలని అనుకున్నారు. మన దగ్గర, రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిగా ఉన్నావిడకి కర్ణాటక ప్రభుత్వం డబ్బిచ్చే గృహలక్ష్మి పథకం మొదలైన 2023లో, ఆ నెలకి 2000 రూపాయలు అత్తకా కోడలికా అని పెద్ద చర్చే జరిగింది. కూతురింట్లో ఉంటున్న తల్లి సంగతి ఆ చర్చలోకి రానేలేదు. ఆవిడ రేషన్ కార్డు ఇంకో ఊళ్ళో ఉంటుంది, పని ఈ ఊళ్ళో ఉంటుంది.

ఇక ఏం చేయాలంటే, ముందు ఆవిడతో కూర్చోండి. "ఎందుకు వెళ్తానంటున్నావు" అని మొదలుపెట్టొద్దు, అది నిలదీసినట్టుంటుంది. నాన్నగారి షుగర్ ఎంతుందో, ఆఖరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో అడగండి. తర్వాత సంక్రాంతి నాటి మాట మీరే ఎత్తండి. "ఆ రోజు నేను మాట్లాడాల్సింది అమ్మా, మాట్లాడలేదు" అనండి. ఆవిడ "అబ్బే, అదేం లేదే, నేనెప్పుడో మర్చిపోయా" అంటారు. నమ్మకండి. అక్కడితో లేచిపోకండి కూడా. ఏడుపొస్తోందని రాశారు, ఆ ఏడుపు ఆవిడ ముందు మాత్రం వద్దు. కూతురు ఏడిస్తే మీ అమ్మగారు సంచి మళ్ళీ అటక మీద పెట్టేస్తారు, మీకది ఒప్పించినట్టే అనిపిస్తుంది.

పాపకి మూడేళ్ళు నిండాయి కదా, డేకేర్ మొదలుపెట్టే వయసే. ఆవిడ ఉండగానే చేర్చండి. మొదట్లో కాసేపు, తర్వాత పూటంతా, అలా అలవాటయ్యాక ఆవిడ బయల్దేరవచ్చు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు చేర్చారు. అది తల్లుల కోసం రాసిందే అయినా కొన్ని కంపెనీలు తండ్రుల పిల్లల్నీ చేర్చుకుంటాయి. మీవారిని అడగమనండి. డేకేర్ ఫీజు ఇంటి ఖర్చు, కరెంటు బిల్లు లాంటిది. "నీ పీహెచ్‌డీ వల్ల వచ్చిన ఖర్చు" అన్న మాట ఆయన నోట రానీయకండి. వస్తే, ఇన్నాళ్ళూ ఆ ఖర్చు మిగిల్చింది ఎవరో గుర్తు చేయండి.

డబ్బు సంగతి కొంచెం నాజూగ్గా చేయాలి. పాపని చూసినందుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తే "నన్ను ఆయాని చేశావా" అని ఆవిడ మనసు ముక్కలవుతుంది. కూతురి సొమ్ము ముట్టనంటారు కూడా. పసుపు కుంకుమల కింద ఇవ్వండి, చీర పెట్టి, ఆవిడ ఒక్కరి పేరు మీదే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా తెరిచి. ఆ తర్వాత నెలనెలా అందులో కొంత పడాలి. మీకు సంపాదన లేదు కాబట్టి మీవారి జీతంలోంచి. మీకు ఉద్యోగం వచ్చాక మీ జీతంలోంచి. ఖర్చు ఎక్కడ పెట్టావని ఎప్పుడూ అడగొద్దు. మేనల్లుడికి ఇచ్చుకున్నా, గుడికి ఇచ్చుకున్నా ఆవిడ ఇష్టం.

ఇక మీదట ఎప్పుడు వచ్చినా ఇద్దరూ కలిసి రావాలి, వాళ్ళకి తోచినన్నాళ్ళు ఉండాలి. హాల్లో దివాన్ మీద కాదు, ఒక గదిలో. మీ అత్తమామలు వచ్చినప్పుడు అదే గదిలో ఉంటారు కదా?

అంకితం ఇస్తే ఇవ్వండి, వద్దనను. ఇంగ్లీషులో ఉన్న ఆ పేజీ ఆవిడ చదవలేరు, పదిమందికీ చూపించి మురిసిపోతారు. అది వచ్చే ఏటి సంగతి. ఈ వారం గైడ్ గారికి గడువు పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టండి, శనివారం డేకేర్ చూడటానికి మీవారిని వెంటబెట్టుకుని వెళ్ళండి, నరసరావుపేటకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్త్ చూసి టికెట్ తీయండి. వీలైతే మీరూ పాపా తోడు వెళ్ళి, నాన్నగారిని పరీక్షలు చేయించి రండి.