కెమెరా పడతానంటున్న కొడుకు: ఫీజు కట్టే ముందు ఈ ఒక్క వేసవి ఆగండి

దేవరకొండ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజినీరింగ్ వద్దంటున్నాడు. రెండేళ్లుగా మా ఊళ్లో పెళ్లిళ్ల వీడియోలు తీసే అతని వెంట తిరుగుతున్నాడు. టీవీ ఛానల్లో కెమెరామన్ అవుతాడట. హైదరాబాద్‌లో ఆరు నెలల షూటింగ్, ఎడిటింగ్ కోర్సుకు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా బావమరిది కొడుకు సీఎస్ఈ చదివి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. మావాడు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌గా మిగిలిపోతాడేమోనని టెన్షన్. బీటెక్ మంచిదా, ఈ కోర్సు మంచిదా చెప్పండి."

బీటెక్కా, కోర్సా అని అడిగారు గానీ మీకు నిద్ర పట్టనివ్వనిది బావమరిది ఇల్లు. రేపు పండక్కి పోతే "మీవాడేం చేస్తున్నాడు?" అని అడుగుతారు, ఏం చెప్పాలి? నల్లగొండలో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే బాధ. అర్థం చేసుకోగలను. కానీ అన్నా, కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. మీవాడు రెండేళ్లలో ఏం తీశాడో మీరు ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? మీ ప్రశ్నలో ఫీజు ఉంది, బావమరిది కొడుకు ఉన్నాడు, మీ అబ్బాయి తీసిన వీడియో గురించి ఒక్క ముక్క లేదు. చూడకుండానే "మిగిలిపోతాడు" అనేశారు. అది తప్పు.

పెళ్లి వీడియో తీసేవాడిని తక్కువ చేయకండి. జీలకర్ర బెల్లం ఘడియలో అతను ఒక్క క్షణం ఏమరితే, అది మళ్లీ రాదు. మూడు రోజులు నిద్ర లేకున్నా చేయి వణకకూడదు. ఎవరికీ అడ్డం రాకుండా అందరికన్నా ముందు నిలబడాలి. సాగర్ గేట్లు ఎత్తేటప్పుడు వార్తల కెమెరామన్ చేసే పనీ అదే. మీవాడికి ఆ మెలకువ కొంత ఇప్పటికే అబ్బి ఉంటుంది. లేనిది వార్త చెప్పే పద్ధతి. అది వస్తుందో రాదో రూపాయి కట్టకుండా ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు.

ఇప్పుడు ప్రభుత్వం తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్లకు యాసంగి పంట వస్తోంది కదా. ఫోన్ తీసుకుని అబ్బాయిని అక్కడికి వెళ్లమనండి. తేమ 17 శాతం దాటిందని సెంటర్‌వాళ్లు ఎవరి వడ్లు కాంటా వేయలేదో ఆ రైతు మీద నిమిషమున్నర వార్త చేయాలి. ముందు దూరం నుంచి కుప్పలన్నీ, తర్వాత రైతు తన కుప్ప దగ్గర, ఆ తర్వాత బాగా దగ్గరగా తేమ మీటర్ మీద అంకె, చేతిలో గింజలు, ముఖం. ఒక్కో షాట్ కదలకుండా పది సెకన్లు పట్టుకోవాలి. జూమ్ ముట్టుకోవద్దు, దగ్గరగా కావాలంటే తనే నడిచి వెళ్లాలి. వాడేది మూడు నాలుగు సెకన్లే అయినా, ముందూ వెనకా నిలకడ లేకపోతే ఎడిటింగ్‌లో కట్ పెట్టడానికి చోటు దొరకదు. కొత్తవాళ్ల ఫుటేజ్ ఎక్కువగా ఇక్కడే చెడుతుంది.

రైతు, సెంటర్ ఇన్‌చార్జి మాట్లాడుకుంటుంటే ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాను ఆ గీతకు ఒకవైపే ఉంచాలి. దాటితే టీవీలో ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తలపాగా కింద ముఖం నల్లబడుతుంది కాబట్టి రైతును చెట్టు నీడకు పిలిచి బైట్ (కెమెరా ముందు అతని మాట) తీసుకోవాలి. రంగులు సహజంగా కనబడేలా చేసే సెట్టింగ్ వైట్ బ్యాలెన్స్, దాన్ని బయటి వెలుతురుకు 5600 కెల్విన్ దగ్గర, గదిలో పాతకాలపు పసుపు బల్బుకు 3200 దగ్గర పెట్టాలి. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు) తీస్తాయి, మన టీవీ ప్రసారం 25 మీద నడుస్తుంది కాబట్టి 25కు మార్చుకోవాలి. ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని, అంటే షట్టర్‌ను, సెకనులో 50వ వంతు దగ్గర ఉంచితే, 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే ట్యూబ్‌లైట్లు తెరమీద కొట్టుకోవు. ఇక శబ్దం. వడ్లు తూర్పారబట్టే ఫ్యాన్ల రొదలో రైతు మాట మునిగిపోతే ఆ బైట్ పనికిరాదు. బొమ్మ కాస్త చీకటిగా ఉన్నా ఛానల్ వేస్తుంది, మాట వినబడకపోతే వేయదు. చొక్కాకు తగిలించే చిన్న మైక్, చెవులకు హెడ్‌ఫోన్ తప్పనిసరి.

ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రైతు రెండు నిమిషాలు మాట్లాడితే అందులో ఇరవై సెకన్లు ఏరాలి. మధ్యలో కోస్తే ముఖం ఎగిరినట్టు కనబడుతుంది, ఆ చోట గింజల షాటో మీటర్ షాటో వేసి కప్పాలి. ఇవన్నీ ఒక్కసారికి రావు. కాబట్టి నాలుగైదు వారాలు వారానికొకటి చేయించండి. చేసినదాంట్లో తప్పు తనే పట్టుకుని మళ్లీ ఎండలోకి వెళ్లి తీసుకొచ్చాడంటే ఈ పనికి పనికొస్తాడు. స్లో మోషన్ పెట్టి పాట తగిలించి అయిపోయిందన్నాడంటే ఫీజు కట్టకండి.

ఆ గ్యారంటీ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. వాళ్లను మూడే ప్రశ్నలు అడగండి. కిందటి బ్యాచ్ పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారో ఇద్దరితో మాట్లాడిస్తారా? ఎంతమందికి ఒక కెమెరా? వారంలో ఎన్ని గంటలు బయట షూటింగ్? సూటిగా చెప్పకపోతే లేచి వచ్చేయండి. చాలాచోట్ల నేర్పేది సాఫ్ట్‌వేర్లో ఏ బటన్ ఎక్కడుందనే, అది ఇంట్లో కూర్చునీ నేర్చుకోవచ్చు. పైగా మాటల మధ్య ఖాళీలు కోయడం, కింద అక్షరాలు వేయడం వంటి పనులు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది. కొత్త ఎడిటర్‌కు మొదట దొరికేవి ఆ పనులే. అందుకే ఎడిటింగ్ ఒక్కటే నేర్చుకునే పిల్లల గురించి నాకు నిజంగా దిగులుగా ఉంది. బయటికెళ్లి ఏది తీయాలో తేల్చుకుని, తెచ్చి, తనే కోసి కూర్చగలిగినవాడి అవసరం మాత్రం తగ్గలేదు.

యూట్యూబ్ న్యూస్ ఛానళ్ల సంగతీ చెప్పాలి. మండలానికి నాలుగు లోగో మైకులు తిరుగుతున్నాయి. జీతం ఇవ్వకుండా "ఐడీ కార్డు ఇస్తాం, ప్రకటనలు తెచ్చుకో" అనేవాళ్ల దగ్గరికి మీవాడిని పంపకండి. అది మెల్లగా జనాన్ని బెదిరించి డబ్బు అడగడం దాకా పోతుంది. పెద్ద ఛానళ్లలోనూ స్ట్రింగర్‌కు (జీతం లేకుండా ఊళ్ల నుంచి వార్తలు పంపేవాడికి) వార్తకింత అని లెక్క, అదీ ఆలస్యంగా వస్తుంది. మొదటి రెండు మూడేళ్లు ఇల్లు గడవదు, పెళ్లిళ్ల పనే ఆదుకుంటుంది. ఇది తెలిసే దిగాలి.

బీటెక్ గురించి ఎక్కువ చెప్పను. వద్దనేవాడిని బలవంతంగా చేర్పిస్తే నాలుగేళ్లలో మిగిలేది బ్యాక్‌లాగులే. అలాగని డిగ్రీ మానేయకూడదు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా దేవరకొండలోనో నల్లగొండ ఎన్జీ కాలేజీలోనో చేర్పించండి, పెళ్లిళ్ల పని మాన్పించకండి. డిగ్రీ ఉంటే రేపు పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో టెలివిజన్ కోర్సులకు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్‌కు ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఇప్పుడే పూర్తిగా ఇటు రావాలనుకుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ ఉంది, దానికి వేరే పరీక్ష.

మనలాంటి ఊరివాళ్లకు కెమెరా అందని విద్య అనుకోకండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో బడి మొహం చూడని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా నేర్చుకుని, తమ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. వాళ్లకు వచ్చింది మీవాడికి రాదా? ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, గుళ్ల లైవ్‌లు, ఎన్నికల ప్రచారం, ఇన్నిచోట్ల ఇవాళ కెమెరామన్ కావాలి. చేతిలో పని ఉన్న పిల్లవాడు ఆకలితో ఉండడు. ఆ భయం వదలండి.

లక్షా ఇరవై వేలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచండి. ముందు ఒక ట్రైపాడ్, మైక్ కొనివ్వండి. నెల తర్వాత కూడా ఉత్సాహం తగ్గకపోతే సొంత కంప్యూటర్ సంగతి చూద్దాం. ఐకేపీ సెంటర్ వార్తలు పూర్తయ్యాక ఇద్దరూ కలిసే రండి. ఎడిట్ చేసినవి ఒక్కటే తేవద్దు, కోయకుండా వదిలిన ఫుటేజ్ మొత్తం పెన్ డ్రైవ్‌లో పెట్టుకు రమ్మనండి. నేను ముందు చూసేది అదే.