ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరికే పనిచేస్తే నాకేం ఒరిగింది?

"జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. ముక్కూమొహం తెలియని వాళ్లతో కలిసి రాత్రుళ్లు కూర్చుని మ్యాపులు గీస్తారు. దానివల్ల మీకేం ఒరుగుతుంది?" అని ఒకరు నన్ను అడిగారు. నాకైతే మా ఊరు తెలిసింది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, మా ఇంటి వెనక కాలవలో నీళ్లు ఎటు పారతాయో నాకు తెలియదని ఈ పనిలో పడ్డాకే బయటపడింది.

మాది కోనసీమ. ఏటిగట్టు మా ఇంటికి అర కిలోమీటరు కూడా ఉండదు. 2022 జులై గోదావరి వరదలప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిందని టీవీలో చెబుతున్నారు. అమ్మా నాన్నా ఊళ్లో ఉన్నారు. టెన్షన్‌తో ఫోన్లో మ్యాప్ తెరిస్తే మా ఊరు ఉండాల్సిన చోట ఒక రోడ్డు గీత, చుట్టూ ఖాళీ. ఏ వీధి మెరక, ఏది పల్లం, లంకలో వాళ్లు నావలో వస్తే ఏ రేవులో దిగుతారు, ఏమీ లేదు. ఆ వారమే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ తెరిచాను. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన మ్యాప్ ఇది. ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

మొదట్లో చాలా తేలిక అనిపించింది. ఉపగ్రహ చిత్రం మీద గీసుకుంటూ పోవడమే. ఇళ్లు, సిమెంటు రోడ్లు, కాలవలు, బోదెలు (చేలకు పోయే చిన్న కాలవలు) నెల రోజుల్లో అన్నీ గీసేశాను. అయితే ఇందులో ఒక నియమం ఉంది. కాలవను నీళ్లు పారే వైపుకే గీయాలి. గీత మొదలైంది ఎగువ, ఆగింది దిగువ. నేను చేతికొచ్చినట్టు గీశాను. కొన్నాళ్లకు ఇంకో వాలంటీర్, ఏ ఊరివాడో తెలియదు, మర్యాదగా రాశాడు: "మీరు గీసిన రెండు కాలవలు ఎదురెదురుగా వచ్చి ఒకచోట ఆగిపోతున్నాయి. మరి ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

నా దగ్గర జవాబు లేదు. వేసవిలో ఊరెళ్లినప్పుడు మా బాబాయ్‌ని అడిగాను. ఆయన లస్కరుగా, అంటే కాలవల మీద నీళ్లు చూసుకునే పనిచేసి రిటైరయ్యాడు. అప్పటికి కాలవలు కట్టేశారు, అంటే నీళ్లు వదలడం ఆపేశారు, చుక్క నీరు లేదు. సాయంత్రం నాలుగింటికి ఇద్దరం గట్టెక్కాం. ఫోన్‌కి ఎండ తగలకుండా తువ్వాలు అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది కాలవ కాదురా, డ్రైను. అది నీళ్లు తెచ్చేది, ఇది తీసుకుపోయేది. రెండూ ఒకటే అని రాసేశావు."

"పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉన్నాయి బాబాయ్. అయినా నీళ్లే లేవు కదా, ఎటు పారతాయో ఎలా తెలుస్తుంది?"

మాట్లాడకుండా చిన్న వంతెన కిందికి దిగాడు. మధ్య స్తంభానికి ఒక పక్కన ఎండిపోయిన గుర్రపుడెక్క అట్టలు కట్టి ఉంది. చేత్తో పీకి చూపించాడు. "ఎగువ నుంచి కొట్టుకొచ్చిన చెత్త ఇటేపే కదా ఆగుద్ది." రెండో పక్కన నీళ్లు దూకి దూకి మోకాలి లోతు గుంత పడింది. అది దిగువ, అంతే. ఆ రోజు చీకటి పడేలోపు పదకొండు బోదెలు నడిచి చూశాం, నేను గీసినవాటిలో ఆరు తిరగేసి ఉన్నాయి. చివర్లో ఆయనే ఒక ప్రశ్న వేశాడు: "పెద్ద డ్రైనులో పోటప్పుడు నీళ్లు వెనక్కొత్తాయి కదా, అదెలా గీత్తావు?" ఆటుపోట్లు తగిలే నీటికి వేరే గుర్తు ఉందని చూపిస్తే ఆయన మొహం వెలిగిపోయింది.

అందుకే నా లెక్కలో మ్యాపింగ్ కంప్యూటర్ పని కాదు, నడక పని. ఉపగ్రహం కన్నా లస్కరుకే ఎక్కువ తెలుసు, ఈ మాట ఎవరితోనైనా వాదిస్తాను. ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పటి నుంచీ కాలవ ఎంత ముఖ్యమో డ్రైనూ అంతే ముఖ్యం. 2011లో కోనసీమ రైతులు పంట వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు మురుగు దిగకపోవడం కూడా ఒక బాధే. అలాంటిది మ్యాప్‌లో డ్రైనుకి పేరే ఉండదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఎక్కడో కూర్చుని మా వైపు గీసేవాళ్లు రొయ్యల చెరువులన్నిటినీ సరస్సులు చేసేస్తున్నారు. చెరువు సాగుకు వేరే గుర్తు ఉంది, దయచేసి అది వాడండి. పి.గన్నవరం దగ్గర కాలవ అక్విడక్ట్ మీదుగా, అంటే నీళ్లు మోసే వంతెన మీదుగా, గోదావరి వైనతేయ పాయను దాటుతుంది. దాన్ని వంతెనగా గుర్తించకుండా గీస్తే కాలవ వెళ్లి నదిలో కలిసినట్టు కనబడుతుంది. వేరేవాళ్ల మ్యాప్‌లో చూసి పేర్లు ఎక్కించేవాళ్లు మరీ దారుణం. లైసెన్సు ప్రకారం అది తప్పు, పైగా అక్కడి తప్పులు కూడా ఇక్కడికి వచ్చేస్తాయి. తెలుగు పేరు రాయడానికి గడి ఉన్నా ఖాళీగా వదిలేస్తారు. మన ఊళ్ల పేర్లు మనం తెలుగులో రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మా ఊళ్లో ఒక రేవును పెద్దవాళ్లు మర్రిరేవు అంటారు. మర్రి లేదు, 1986 వరదలో పోయిందట. నా వయసు వాళ్లకు అది ఊరికే రేవు. బాబాయ్ చెప్పాడు కాబట్టి మర్రిరేవు అని తెలుగులో ఎక్కించాను. మొన్న ఫోన్లో ఆ పేరు చూపిస్తే అమ్మ కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివింది. మీకేం ఒరుగుతుంది అన్నారు కదా, నాకు అది చాలు.

బాబాయ్ ఇప్పుడు నన్ను వదలడం లేదు. లాకుల కింద రెండు తూములు మ్యాప్‌లో లేవట, ఈసారి కాలవలు కట్టేశాక అక్కడి నుంచే మొదలుపెడదామని రోజూ ఫోన్ చేస్తున్నాడు.