ర్యాంకు పెరిగిందా, తగ్గిందా? నియంతృత్వమా, నిరంకుశత్వమా?

సందేహం: ఎకనామిస్ట్ సంస్థ ప్రజాస్వామ్య సూచీలో భారత్ 2020లో 53వ స్థానంలో, 2021లో 46వ స్థానంలో ఉంది. దీన్ని ఒకరు 'ర్యాంకు పెరిగింది' అనీ, మరొకరు 'ర్యాంకు తగ్గింది' అనీ రాశారు. ఏది ఒప్పు? స్వీడన్‌లోని వి-డెమ్ సంస్థ నివేదికలో భారత్‌కు ఇచ్చిన వర్గం గురించి రాసేటప్పుడు కొందరు 'ఎన్నికల నియంతృత్వం' అంటున్నారు, కొందరు 'ఎన్నికల నిరంకుశత్వం' అంటున్నారు. నియంతృత్వం, నిరంకుశత్వం ఒకటేనా?

సమాధానం: ముందు ర్యాంకు సంగతి చూద్దాం. ఎంసెట్ రాసిన పిల్లలున్న ఇళ్లలో 'పెద్ద ర్యాంకు వచ్చింది, సీటు కష్టం' అంటారు. అక్కడ పెద్దది అంకె. ఆ ఇంట్లోనే 'ఈసారి ర్యాంకు మెరుగుపడింది' అన్నారంటే అంకె చిన్నదైందని అర్థం. పెరగడం, తగ్గడం అంకెకు చెందిన క్రియలు. మెరుగుపడడం, ఎగబాకడం, దిగజారడం స్థానానికి చెందినవి. ర్యాంకు అనే మాటలో అంకె, స్థానం రెండూ ఉన్నాయి, పైగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. అందుకే 'ర్యాంకు పెరిగింది' అని రాస్తే పాఠకుల్లో కొందరికి ఒక అర్థం, మిగిలినవారికి దానికి విరుద్ధమైన అర్థం అందుతుంది. ర్యాంకు పక్కన ఈ రెండు క్రియలనూ మానేయడమే మంచిది. '53వ స్థానం నుంచి 46వ స్థానానికి ఎగబాకింది' అంటే ఎవరికీ అనుమానం రాదు.

అసలు ఈ సూచీలలో ర్యాంకు కన్నా స్కోరుకే విలువ ఎక్కువ. మన స్కోరు ఉన్నచోటే ఉన్నా పైనున్న దేశాలు జారితే మన స్థానం మెరుగుపడుతుంది. మీరు చెప్పిన ఏడాదిలో భారత్ స్కోరు పదికి 6.61 నుంచి 6.91కి పెరిగింది. ఇక్కడ 'పెరిగింది' నిక్షేపంగా వాడవచ్చు. వాక్యంలో స్కోరు ముందు, స్థానం తర్వాత రాయడం అలవాటు చేసుకుంటే సగం గందరగోళం పోతుంది.

అయితే అన్ని కొలతల్లోనూ పెద్ద అంకె మంచిదని అనుకోకూడదు. దేశాల్లో స్వేచ్ఛను కొలిచే అమెరికా సంస్థ ఫ్రీడమ్ హౌస్ రాజకీయ హక్కులకు 40, పౌర స్వేచ్ఛలకు 60 చొప్పున మొత్తం 100 పాయింట్లు పెట్టింది. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి 4 దాకా. ఇందులో ఎక్కువ వస్తే మంచిది. ఆ పాయింట్ల నుంచే 1 నుంచి 7 వరకు రేటింగు తీస్తారు. అక్కడ వరస తిరగబడుతుంది: 1 అంటే అత్యంత స్వేచ్ఛ, 7 అంటే అతి తక్కువ.

భారత్ విషయంలోనే ఇది ఎలా పనిచేసిందో చూడండి. 2020 నివేదికలో రాజకీయ హక్కులకు 34, పౌర స్వేచ్ఛలకు 37, మొత్తం 71 వచ్చాయి. 2021 నివేదికలో రాజకీయ హక్కుల పాయింట్లు కదల్లేదు, పౌర స్వేచ్ఛలవి 33కు తగ్గాయి. మొత్తం 67. పౌర స్వేచ్ఛల్లో 35 నుంచి 43 దాకా ఉంటే రేటింగు 3, 26 నుంచి 34 దాకా ఉంటే 4. అంటే నాలుగు పాయింట్లు తగ్గేసరికి రేటింగు 3 నుంచి 4కు 'పెరిగింది'. రాజకీయ హక్కుల రేటింగు 2. రెండింటి సగటు 2.5 నుంచి 3కు చేరింది. 2.5 దాకా 'స్వేచ్ఛాయుత' దేశం, 3 నుంచి 5 దాకా 'పాక్షిక స్వేచ్ఛ' ఉన్న దేశం. పేరు మారింది అక్కడే. ఈ వార్తను 'రేటింగు పెరిగింది' అని రాస్తే శుభవార్తలా ఉంటుంది. 'స్కోరు 71 నుంచి 67కు తగ్గడంతో స్వేచ్ఛాయుత దేశాల వర్గం నుంచి పాక్షిక స్వేచ్ఛ వర్గంలోకి మారింది' అని రాయాలి. ఆ 67ను '67 శాతం ప్రజాస్వామ్యం' అనడం కూడా పొరపాటే. అవి ప్రశ్నలకు వేసిన పాయింట్లు. దేనిలోనో నూటికి ఇంత అని కొలిచినవి కావు. సున్నా నుంచి 1 దాకా ఉండే వి-డెమ్ కొలతలో 0.4 వచ్చిన దేశంలో 0.2 వచ్చిన దేశానికి రెట్టింపు ప్రజాస్వామ్యం ఉందనీ అనలేం.

సూచీ, సూచిక అనే మాటలను ఇష్టం వచ్చినట్టు మార్చి వాడుతున్నారు. నిఘంటువుల ప్రకారం పెద్ద తేడా లేకపోయినా ఈ రంగంలో రెంటినీ విడదీసుకోవడం అవసరం. ఎకనామిస్ట్ వారు 60 అంశాలను అయిదు శీర్షికల కింద చూసి ఒక్క స్కోరు తేలుస్తారు. ఆ అరవైని 'సూచికలు' అనీ, చివరికి తేలేదాన్ని 'సూచీ' అనీ పిలిస్తే '60 సూచికలతో ఒక సూచీ' అని తేలిగ్గా రాయవచ్చు. స్టాక్ మార్కెట్ వార్తల్లో 'సూచీలు' ఇప్పటికే ఈ అర్థంలో స్థిరపడింది.

మీరు అడగకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఎకనామిస్ట్ వారి వర్గాలు నాలుగు. 8 దాటితే పూర్తి ప్రజాస్వామ్యం, 6 దాటి 8 దాకా రెండోది, 4 దాటి 6 దాకా మిశ్రమ పాలన, 4, అంతకు తక్కువైతే నిరంకుశ పాలన. ఆ రెండోదాన్ని మన పత్రికలు 'లోపభూయిష్ఠ ప్రజాస్వామ్యం' అంటున్నాయి. భూయిష్ఠం అంటే మిక్కిలి ఎక్కువైనది. లోపభూయిష్ఠం అంటే లోపాలతో నిండిపోయినదని అర్థం. పదికి ఆరు, ఏడు, ఎనిమిది తెచ్చుకున్న దేశాన్ని అలా అనడం అన్యాయం. 2016లో అమెరికా 8.05 నుంచి 7.98కి తగ్గి ఈ వర్గంలో పడింది. 0.07 తేడాతో ఒక దేశం లోపాలతో నిండిపోతుందా? 'లోపాలున్న ప్రజాస్వామ్యం' అనండి. అంతకు మించి ఆ సంస్థ చెప్పలేదు.

ఇప్పుడు నియంతృత్వం, నిరంకుశత్వం. ఇవి ఒకటి కావు. అసలు పుట్టుకలో ఎదురెదురు మాటలు. నియంత అంటే అదుపులో పెట్టేవాడు. అమరకోశం 'నియంతా ప్రాజితా యంతా సూతః' అని ఈ మాటను సారథి పర్యాయపదాల్లో చేర్చింది. పగ్గాలు పట్టుకున్నవాడన్నమాట. నిరంకుశుడు అంటే అంకుశం లేనివాడు, తనమీద ఏ అదుపూ లేనివాడు. 'నిరంకుశాః కవయః' అన్నప్పుడు అది కవులను తిట్టడం కాదు, వారికి కట్టుబాట్లు లేవని చెప్పడం. మొదటి మాట ఇతరుల మీద అతనికున్న పట్టును చెబుతుంది, రెండోది అతని మీద ఎవరికీ పట్టు లేకపోవడాన్ని చెబుతుంది.

వాడుక కూడా ఈ తేడాను నిలబెట్టుకుంది. హిట్లర్‌ది, ముసోలినీది 'నియంతృత్వం' అంటాం. తెలంగాణ చరిత్ర రాసేవారు 'నిజాం నిరంకుశ పాలన' అంటారు, 'నిజాం నియంతృత్వం' అని సాధారణంగా అనరు. వంశపారంపర్యంగా వచ్చిన రాజును నియంత అనడం మన చెవికి ఆనదు. నియంత అనగానే అధికారాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్న ఒక మనిషి కళ్లముందు మెదులుతాడు. నిరంకుశ పాలనకు ఆ ఒక్క మనిషి అక్కర్లేదు. రాజవంశం కావచ్చు, సైనిక ముఠా కావచ్చు, ఏకైక పార్టీ కావచ్చు.

గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని వి-డెమ్ సంస్థ 'ఆటోక్రసీ' అనే వర్గంలో సౌదీ రాచరికాన్నీ, చైనా పార్టీ పాలననూ, మయన్మార్ సైనిక పాలననూ కలిపే ఉంచుతుంది. అందుకే దానికి నిరంకుశత్వమే తగిన మాట. మరో కారణం కూడా ఉంది. ఈ కొలతలు పాలకుడు ఎంత క్రూరుడని అడగవు. ఎన్నికలు ఎంత నిక్కచ్చిగా జరిగాయి, సంఘాలు పెట్టుకునే, మాట్లాడే స్వేచ్ఛ ఎంత ఉంది, కోర్టు తీర్పును ప్రభుత్వం పాటిస్తుందా, చట్టసభ ప్రభుత్వాన్ని నిలదీయగలదా అని అడుగుతాయి. పాలకుల మీద అంకుశం ఉందా లేదా అన్నదే కొలత.

వి-డెమ్ వర్గాలూ నాలుగే. బహుపార్టీ ఎన్నికలే లేకపోతే మొదటి వర్గం. దాన్ని 'మూసివేసిన నిరంకుశత్వం' అని మక్కికి మక్కి దించారు కొందరు. ఏం మూశారో పాఠకుడికి తెలియదు. 'బహుపార్టీ ఎన్నికలు లేని నిరంకుశత్వం' అంటే కాస్త పొడుగైనా విషయం అందుతుంది. ఎన్నికలు జరుగుతూ, అవి స్వేచ్ఛగా, సక్రమంగా లేకపోతే, లేదా ఎన్నికల ప్రజాస్వామ్య సూచీలో 0.5 దాటకపోతే రెండో వర్గం. 2021 నివేదికలో భారత్‌ను ఉంచింది ఇందులోనే. మీరడిగిన 'ఎన్నికల నిరంకుశత్వం' దీనికి పెట్టిన పేరు. తప్పు కాదు గానీ, 'ఎన్నికల అధికారి', 'ఎన్నికల అక్రమాలు' అన్న వరసలో చదివితే ఎన్నికలే చేసే నిరంకుశత్వం అన్న అర్థం కూడా వస్తుంది. 'ఎన్నికలున్న నిరంకుశత్వం' అంటే ఆ చిక్కు ఉండదు. 'ఎన్నికల ముసుగులో నిరంకుశత్వం' మాత్రం రాయకండి. ముసుగు అన్నాక ఉద్దేశాన్ని కూడా ఆరోపించినట్టే. వ్యాసకర్త తన అభిప్రాయంగా రాసుకోవచ్చు, సంస్థ నోట మాత్రం పెట్టకూడదు.

మూడోది ఎన్నికల ప్రజాస్వామ్యం. నాలుగోది ఉదారవాద ప్రజాస్వామ్యం. ఇక్కడ 'వాద' వదిలి 'ఉదార ప్రజాస్వామ్యం' అంటే దానగుణం గుర్తొస్తుంది కాబట్టి వదలకండి.

ఒక కొలత మాటను ఇంకో కొలతకు అంటించకూడదు. 2022 సెప్టెంబరులో యూరోపియన్ పార్లమెంటు హంగేరీ మీద చేసిన తీర్మానంలో 'మిశ్రమ పాలన', 'ఎన్నికలున్న నిరంకుశత్వం' రెండూ ఒకే పదబంధంలో వచ్చాయి. మొదటిది ఎకనామిస్ట్ వర్గం పేరు, రెండోది వి-డెమ్ వర్గం పేరు. తీర్మానం రాజకీయ పత్రం కాబట్టి అక్కడ చెల్లుతుంది. కొలత గురించి రాసే వ్యాసంలో చెల్లదు.

ప్రజెవొర్‌స్కీ, చైబూబ్ తదితర రాజనీతి శాస్త్రవేత్తలు రూపొందించిన కొలతలో అయితే మెట్లు లేవు, ప్రజాస్వామ్యం, 'డిక్టేటర్‌షిప్' అనే రెండు గడులే. పాలకుడు, చట్టసభ ఎన్నికై ఉండాలి, ఒకటికి మించి పార్టీలు ఉండాలి, అవే నిబంధనల కింద అధికార పక్షం ఓడి దిగిపోయి ఉండాలి. బోట్స్వానాలో 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఎన్నికలు వేళకు జరిగాయి, ఫ్రీడమ్ హౌస్ ఆ దేశాన్ని దశాబ్దాలుగా స్వేచ్ఛాయుతమనే అంటోంది. కానీ 2024 దాకా ఒకే పార్టీ గెలుస్తూ వచ్చింది. ఓడితే దిగుతుందో లేదో తేలలేదు కాబట్టి, 2008తో ముగిసే ఆ పట్టికలో బోట్స్వానా రెండో గడిలో పడింది. నిజమైన ప్రజాస్వామ్యాన్ని పొరపాటున కాదన్నా ఫర్వాలేదని తెలిసే పెట్టుకున్న నియమం అది. దాన్ని 'బోట్స్వానాలో నియంతృత్వం' అని తెనిగిస్తే పచ్చి అబద్ధం అవుతుంది. 'ప్రజాస్వామ్యేతర' అని రాసి, కారణం ఒక ముక్కలో చెప్పాలి. 2024 ఎన్నికల్లో అధికార పార్టీ ఓడింది, గద్దె దిగింది.

క్రియల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. 'భారత్ నిరంకుశ దేశమని స్వీడన్ ప్రకటించింది' అనే వాక్యంలో రెండు తప్పులున్నాయి. చేసింది స్వీడన్ ప్రభుత్వం కాదు, విశ్వవిద్యాలయంలోని సంస్థ. చేసింది ప్రకటన కాదు, వర్గీకరణ. అభిప్రాయం మీద ఆధారపడే ప్రశ్నలకు ఒక్కో దేశానికి, ఒక్కో ఏడాదికి సాధారణంగా అయిదుగురు నిపుణులు సమాధానాలిస్తారు. ఒకరు కఠినంగా, ఒకరు మెత్తగా మార్కులేసే తేడాను పట్టుకోవడానికి ఊహాదేశాల వర్ణనలిచ్చి వాటికీ మార్కులు వేయిస్తారు. తర్వాత గణాంక పద్ధతిలో సర్దుబాటు చేసి, ఒక అంకెతో పాటు అది ఎంత అటూ ఇటూ ఉండవచ్చో కూడా ఇస్తారు. ఏడాది మార్పు ఆ హద్దుల్లోనే ఉంటే 'తగ్గింది' అనడం తొందరపాటు. 'వి-డెమ్ నిపుణుల అంచనా ప్రకారం' అన్న నాలుగు మాటలు ఎప్పుడూ వదలకండి. ఈ నివేదికలపై కేంద్ర ప్రభుత్వానిదీ, ప్రధాని ఆర్థిక సలహా మండలి తరఫున 2022లో వచ్చిన పత్రానిదీ ప్రధాన అభ్యంతరం ఇవి అభిప్రాయాలన్నదే. సంస్థ తన పద్ధతిని దాచిపెట్టలేదు. దాచినట్టు కనిపించేది మన వాక్యాల్లోనే.

చివరగా, పట్టికలు దించుకుని సొంతంగా లెక్కలు వేసేవారికి ఒక హెచ్చరిక. పాలిటీ అనే పాత కొలత మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా ఉంటుంది. మైనస్ 6, అంతకు తక్కువైతే నిరంకుశత్వం, ప్లస్ 6, ఆపైన ప్రజాస్వామ్యం, మధ్యలోది నడిమి పాలన. అందులో మైనస్ 66, 77, 88 అనే అంకెలు కూడా కనిపిస్తాయి. అవి స్కోర్లు కావు, విదేశీ ఆక్రమణ, పాలన కుప్పకూలడం, పాలన మారే దశ అనే మూడింటికి గుర్తులు. వాటిని తీయకుండా సగటు కడితే ఏ దేశమైనా పాతాళంలో కనిపిస్తుంది. పట్టికలో వాటిని అంకెలుగా ఉంచకుండా 'ఆక్రమణ', 'పాలన లేదు', 'మారుదశ' అని అక్షరాల్లోనే రాయండి.