ఫంక్షనల్ జీనోమిక్స్‌లో పరిశోధన: ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ (మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. ఫంక్షనల్ జీనోమిక్స్‌లో పరిశోధన చేస్తానంటోంది. మాకు మూడెకరాల పొలమే ఆధారం. బీఈడీ చేయిస్తే మేలని బంధువులు చెబుతున్నారు. ఆ చదువు ఎన్నేళ్లు పడుతుంది? ఉద్యోగం దొరుకుతుందా? – ఒక తండ్రి, పరకాల

జవాబు: ఖర్చు, కాలం లెక్క వేయడానికి ముందు, అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఏమిటో ఇంట్లో అందరికీ తెలియడం అవసరం. క్షయ బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు 1998లోనే పూర్తిగా చదివారు. అందులో దాదాపు 44 లక్షల అక్షరాలు, సుమారు 4 వేల జన్యువులు ఉన్నాయి. అయితే అక్షరాలు చదివినంత మాత్రాన ఏ జన్యువు ఏ పని చేస్తుందో తెలియదు. అది తేల్చేదే ఫంక్షనల్ జీనోమిక్స్. ఒక్కో జన్యువును పనిచేయకుండా ఆపి, ఆ తర్వాత కణంలో వచ్చే మార్పును బట్టి దాని పనిని తేల్చడం ఈ రంగంలో ముఖ్యమైన పద్ధతి. ఫ్యూజు పీకి ఏ గదిలో దీపం ఆరిందో చూడడం వంటిదే ఇది; కాకపోతే ఇక్కడ వేల ఫ్యూజులను ఒకే ప్రయోగంలో పరీక్షిస్తారు.

ఉదాహరణకు, క్షయ రోగులకు ఇచ్చే ఐసోనియాజిడ్ మాత్ర మింగినప్పటికి ఇంకా మందుగా మారి ఉండదు. బ్యాక్టీరియాలోని క్యాట్-జీ అనే జన్యువు తయారుచేసే ఎంజైమే దాన్ని చురుకైన మందుగా మారుస్తుంది కనుక, ఆ జన్యువు చెడిన బ్యాక్టీరియాపై మాత్ర పనిచేయదు. ఈ మందుకు లొంగని ఒక మైకోబ్యాక్టీరియా (క్షయ క్రిమి కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా) లోకి పరిశోధకులు ఈ ఒక్క జన్యువును ప్రవేశపెట్టగా అది తిరిగి మందుకు లొంగిందని 1992లో తేలింది. అమ్మాయి నేర్చుకోవలసింది ఇలా కారణాన్ని నిరూపించే విద్య. విద్యార్థులు సాధారణంగా క్షయ క్రిమితో కాకుండా దాని బంధువైన స్మెగ్మాటిస్‌తో మొదలుపెడతారు. క్షయ క్రిమికి ప్రత్యేక రక్షణ ఉన్న ల్యాబ్ కావాలి. పైగా అది రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, స్మెగ్మాటిస్‌కు మూడు గంటలు చాలు.

మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఆదివాసీ గూడేల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు కూడా ఈ పరిశోధనతో ముడిపడినదే. బీసీఎల్-11ఏ అనే జన్యువు, పుట్టిన తర్వాత శిశు హిమోగ్లోబిన్ (గర్భంలోని శిశువు రక్తంలో ఉండే రకం) తయారీని అణచివేస్తుంది. ఆ తయారీ మళ్లీ మొదలైతే ఈ జబ్బు తీవ్రత తగ్గుతుంది. రక్తకణాల్లో ఆ జన్యువును నడిపించే భాగాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ముక్కముక్కగా పరీక్షించి, కీలకమైన చోటును కనిపెట్టిన తర్వాతే, 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్స సాధ్యమైంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు కాబట్టి ఇప్పట్లో అది ఉట్నూరుకు వస్తుందని నేను చెప్పను. చౌకైన మార్గాలు వెతికేవాళ్ల అవసరం అందుకే ఉంది.

ఇక చదువు విషయానికి వస్తే, ఫంక్షనల్ జీనోమిక్స్ అనే పేరుతోనే డిగ్రీ కోసం వెతకవద్దని నా గట్టి సలహా. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ – వీటిలో ఏ ఎమ్మెస్సీ చేసినా ఈ రంగంలోకి రావచ్చు. చూడవలసింది కోర్సు పేరు కాదు, అక్కడి ల్యాబ్‌లో విద్యార్థి చేతికి ఎంత పని దొరుకుతుందన్నది. కాకతీయ విశ్వవిద్యాలయానికి సీపీగెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్లకు సీయూఈటీ-పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఈ మూడూ రాయించండి. నెలరోజుల్లో జీనోమిక్స్ నేర్పి సర్టిఫికెట్ ఇస్తామనే సంస్థలకు మాత్రం ఒక్క రూపాయి కట్టవద్దు. పరిశోధన సంస్థల ఇంటర్వ్యూల్లో అడిగేది ఆ కాగితం గురించి కాదు, నువ్వు స్వయంగా చేసిన ప్రయోగం ఏమిటని.

బైపీసీ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా తడబడేది లెక్కల దగ్గర. జన్యు ప్రయోగం పూర్తయ్యాక చేతికి వచ్చేది కంప్యూటర్‌లో పెద్ద అంకెల పట్టిక. దాన్ని చదవలేనివారు ప్రయోగం చేసి కూడా ఫలితం కోసం మరొకరి మీద ఆధారపడవలసి వస్తుంది. కనుక ఈ సెలవుల్లోనే స్టాటిస్టిక్స్ మొదటి పాఠాలు, ఆర్ లేదా పైథాన్ అనే కంప్యూటర్ భాష మొదలుపెట్టమనండి. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఇతరులు చేసిన ప్రయోగాల డేటా కూడా జీఈఓ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా ఉంది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే, మంచి ల్యాబ్‌లో రెండు నెలలు గడిపే అవకాశం ఉంటుంది.

కాలం సంగతి దాచవలసిన పని లేదు: ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు. అయితే ఆ ఏడెనిమిదేళ్లలో అన్నేళ్లూ మీరే డబ్బు పంపవలసిన పని లేదు. సీఎస్‌ఐఆర్ జేఆర్ఎఫ్ (జాతీయ పరీక్ష ద్వారా ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేల రూపాయలు ఫెలోషిప్ వస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడానికి కూడా అది తోడ్పడుతుంది. అసలు ప్రమాదం ఎమ్మెస్సీకీ జేఆర్ఎఫ్‌కూ మధ్య ఉంది. ఇంట్లో కూర్చుని ఏళ్ల తరబడి ఆ పరీక్షే రాసేవాళ్లు నాకు తెలుసు. ఆ దశకు రెండేళ్ల గడువు పెట్టుకోండి. ఆ రెండేళ్లు కూడా ఖాళీగా కాకుండా, ఏదైనా పరిశోధన ప్రాజెక్టులో సహాయకురాలిగా జీతం తీసుకుంటూ గడపమనండి. అప్పటికీ రాకపోతే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలోని టీకా, ఔషధ కంపెనీల క్వాలిటీ ల్యాబ్‌లు, ఆసుపత్రుల మాలిక్యులర్ డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు ఉన్నాయి. శాశ్వత శాస్త్రవేత్త పోస్టులు తక్కువన్న మాట మాత్రం నిజం. ఆ పోస్టు ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే నిరాశ తప్పకపోవచ్చు.

బీఈడీని నేను కొట్టిపారేయను, కానీ అది తర్వాత కూడా చేయవచ్చు. పైగా అమ్మాయి డిగ్రీలో బోటనీ, జువాలజీ లేవు కనుక, బయాలజీ టీచర్ పోస్టుకు ఈ సబ్జెక్టులు సరిపోతాయో లేదో పాత డీఎస్సీ నోటిఫికేషన్ తెరిచి చూసిన తర్వాతే బంధువుల మాటపై ఆలోచించండి.

సీయూఈటీ-పీజీ దరఖాస్తులు చలికాలంలోనే వస్తాయి. మీకు బీసీ రిజర్వేషన్ వర్తిస్తే రాష్ట్ర కుల ధ్రువపత్రం చాలదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ పత్రం కావాలి. మీసేవలో దానికి ముందుగానే దరఖాస్తు పెట్టండి.