ఈఆర్ పాజిటివ్ అయితే రేడియేషన్ మానేయొచ్చా?

అమ్మగారికి 68 ఏళ్లు, రొమ్ములో చిన్న క్యాన్సర్ గడ్డ తీసేశారు, రేడియేషన్ తప్పదా అని మీరు అడిగారు. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్, ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకం. ఈఆర్ పాజిటివ్ గడ్డ ఈస్ట్రోజన్ మీద ఆధారపడి పెరుగుతుంది, కాబట్టి హార్మోన్ మాత్రలు దాన్ని చాలావరకు అదుపు చేస్తాయి.

ప్రైమ్-2 అధ్యయనంలో 65 ఏళ్లు, ఆపైన వయసుండి, చంక గ్రంథులకు పాకని, 3 సెంటీమీటర్లు మించని గడ్డ ఉన్న మహిళలను గమనించారు. అందరూ హార్మోన్ మాత్రల మీద ఉన్నవాళ్లే. పదేళ్లలో, రేడియేషన్ తీసుకోనివాళ్లలో 9.5 శాతం మందికి అదే రొమ్ములో తిరగబెట్టింది, తీసుకున్నవాళ్లలో 0.9 శాతం మందికే. బతికున్నవాళ్లు మాత్రం రెండు వైపులా దాదాపు 81 శాతం.

అయితే ఈఆర్ తక్కువగా ఉండి రేడియేషన్ తీసుకోనివాళ్లలో తిరగబెట్టడం 19 శాతానికి చేరింది. అందుకే రిపోర్టులో పాజిటివ్ అన్న మాట దగ్గరే ఆగకండి, పక్కనున్న ఈఆర్ స్కోరు చూడండి. మాత్రలు ఏళ్ల తరబడి మానకుండా వేసుకోగలరా అన్నదీ డాక్టరుతో మాట్లాడండి. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేని గడ్డ) అయితే ఈ వెసులుబాటు లేదు.