తెల్లకోటు తొడిగి ఫొటో తీస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేం అట్లాంటాలో ఉంటాం. మా అమ్మాయి 11వ తరగతి, ఫొటోలు తీయడమంటే ప్రాణం. శనివారాలు లైబ్రరీలో నల్లజాతి పిల్లలకు లెక్కలు చెబుతోంది. వాళ్లను డాక్టర్లుగా, పైలట్లుగా ముస్తాబు చేసి ఫొటోలు తీసిస్తానంటోంది. దానివల్ల ఆ పిల్లల భవిష్యత్తుకు మేలుంటుందా? – ఒక తల్లి

జవాబు: ఉంటుందమ్మా. కాకపోతే కొని తెచ్చిన తెల్లకోటుతో ఆగిపోతే అది స్కూల్లో వేషాల పోటీ ఫొటో అవుతుంది. ఆ కోటు రోజూ వేసుకునే మనిషి పక్కన, ఆ మనిషి పనిచేసే చోట తీస్తే సంగతి వేరు.

అమెరికా జనాభాలో నల్లజాతివాళ్లు వందకు 13 మందికి పైనే. డాక్టర్లలో మాత్రం ఆరుగురు కూడా లేరు. చుట్టాల్లో డాక్టరో ఇంజినీరో ఉంటే ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. ఆ అవకాశం లేని పిల్లకు ఎంత తెలివున్నా దారి అడగడానికి మనిషి దొరకాలి కదా! అట్లాంటాలో అలాంటి మనుషులకు కొదవ లేదు. నల్లజాతివాళ్ల కోసం పెట్టిన మోర్‌హౌస్ మెడికల్ స్కూల్, స్పెల్మన్ మహిళా కాలేజీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. నల్లజాతి ఇంజినీర్ల సంఘం ఎన్‌ఎస్‌బీఈకి బడిపిల్లల శాఖలున్నాయి. నల్లజాతి పైలట్లకూ 1976 నుంచి ఓబీఏపీ అనే సంఘం ఉంది. లైబ్రరీవాళ్లను, అక్కడి చర్చి పెద్దలను ముందు నిలబెట్టి, మీ అమ్మాయి వాళ్ల వెనక నడవాలి.

నల్లజాతి ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్ గురించి తనకు చెప్పండి. 1912లో కాన్సస్‌లో పుట్టాడు, పదిహేనుమందిలో ఆఖరివాడు. రైల్లో వెయిటర్‌గా ఉండగా ఒక పత్రికలో వలస కూలీల ఫొటోలు చూసి, తాకట్టు కొట్లో కెమెరా కొన్నాడు. షికాగోలో సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌వాళ్లు అతనికి డార్క్‌రూమ్, అంటే ఫిల్మ్ కడిగి ఫొటోలు వేసుకునే చీకటిగది, ఇచ్చారు. ఆ పేటలో తీసిన ఫొటోలే రోజెన్‌వాల్డ్ ఫెలోషిప్ అనే ఆర్థిక సాయం తెచ్చిపెట్టాయి. 1948లో లైఫ్ పత్రికకు తొలి నల్లజాతి స్టాఫ్ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఆ డార్క్‌రూమ్ తాళం ఇచ్చినవాళ్లు నాకు ఎంతో గొప్పవాళ్లుగా కనిపిస్తారు.

అందుకే కెమెరా పిల్లల చేతికీ ఇవ్వాలి. ఫొటో తీస్తూ వాళ్లే అడగాలి: “ఎనిమిదో తరగతిలో మీరు ఏ లెక్కలు తీసుకున్నారు?” ఆల్జీబ్రా అప్పుడే మొదలుపెడితే పన్నెండులో కాలిక్యులస్ వరకు తేలిగ్గా చేరొచ్చు. పైలట్ కావాలనుకునే పిల్లాడు 16 ఏళ్లకే ఒంటరిగా విమానం నడపొచ్చని, 17కి ప్రైవేట్ లైసెన్సు తీసుకోవచ్చని పైలట్ నోటే వినాలి.

నల్లని చర్మాన్ని ఫొటో తీయడం శ్రద్ధగా నేర్చుకోవాలి. ఫిల్మ్ తయారుచేసే కొడాక్ కంపెనీ చాలా ఏళ్లు తెల్లజాతి ఆడవాళ్ల ఫొటోలనే రంగులకు కొలతగా పెట్టుకుంది. వెనక తెల్లగోడ ఉంటే, కెమెరాను ఆటోమేటిక్‌లో పెడితే మొహం చీకటైపోతుంది. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోబెట్టి, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) మొహాన్ని బట్టి సరిచూసుకోవాలి. మన పెళ్లి ఆల్బమ్‌లలోలాగా రంగు తెల్లబరచడం అస్సలు వద్దు.

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా తీయకూడదు. పెద్దవాళ్లను కలిసేటప్పుడు ఇంటివాళ్లొకరు వెంట ఉండాలి. కాలేజీ అప్లికేషన్‌లో మీ అమ్మాయి తను చేసిన పని రాసుకోవచ్చు, పిల్లల ఫొటోలు మాత్రం పెట్టొద్దు.

మొదటి శనివారం కెమెరా బ్యాగులోనే ఉంచమనండి. ఎవరికి ఏం కావాలనుందో విని రాసుకుంటే చాలు. ఫొటోలు తీశాక రెండు ప్రింట్లు వేయించి, ఒకటి పిల్లకు, ఒకటి ఆ పెద్దమనిషికి ఇవ్వాలి. రెండింటి వెనకా మళ్లీ కలిసే తేదీ రాయించండి.