చదివింపులు తిరిగి రావాలని ఫంక్షన్‌కి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారికి చిన్న షాపుంది. పాపకి 12 ఏళ్ళు. ఓణీల ఫంక్షన్ ఘనంగా చేయాలని మావారు, అత్తగారు పట్టుబడుతున్నారు. పెళ్ళయినప్పటి నుంచి మేం చదివించినవి 1,85,000 దాకా ఉన్నాయి, ఇప్పుడు చేయకపోతే అవన్నీ మునిగినట్టేనంటున్నారు. 400 మందికి 3 లక్షలు అవుతుంది. 14 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? వద్దంటే నలుగురిలో చిన్నతనం, తీసుకుంటే టెన్షన్.

జవాబు: అమ్మా, లోన్ వద్దు. ఫంక్షన్ మాత్రం చేయండి, మీ చేతిలో ఉన్నంతలో.

చదివింపుల పుస్తకం ప్రతి ఇంట్లో బీరువాలో భద్రంగా ఎందుకుంటుందో మీకు తెలుసు. అందులో ఉన్నది డబ్బు లెక్క ఒక్కటే కాదు. మన పెళ్ళికి ఎవరు వచ్చారు, ఎవరింటికి మనం వెళ్ళాం, ఎవరికి ఎంత బాకీ ఉన్నాం అన్నీ అందులోనే ఉంటాయి. బ్యాంకు గడప తెలియని రోజుల్లో పెళ్ళివారి మీద భారమంతా పడకుండా తలా ఒక చెయ్యి వేసిన పద్ధతి అది. అందుకే నేను దాన్ని తేలిగ్గా చూడను. షాపులో వచ్చిన 1,116 ఖర్చయిపోతే గుర్తుండదు కానీ, ఫలానావాళ్ళు చదివించిన 1,116 ఇరవై ఏళ్ళయినా గుర్తుంటుంది. మీ అత్తగారి బాధ అక్కడే ఉంది. తను ఇచ్చిన మర్యాద తిరిగి రాలేదని ఆవిడకు అనిపిస్తోంది.

కానీ ఆ మర్యాదను తిరిగి రాబట్టడానికి మీరు వేసుకున్న లెక్క తప్పింది. 400 మంది అంటే దాదాపు 130 కుటుంబాలు. ఒక్కో ఇంటివారు 1,116 చదివించినా వచ్చేది 1,45,000. ఖర్చు 3 లక్షలు. లోన్‌కి నెలకు సుమారు 10,250 చొప్పున కడితే మూడేళ్ళలో వడ్డీయే 69,000 అవుతుంది. అంటే 1,85,000 మునిగిపోతుందన్న భయంతో మీరు 2,24,000 పోగొట్టుకుంటారు. వచ్చిన దాంట్లో కొంత కొత్త బాకీ కూడా, రేపు వాళ్ళిళ్ళల్లో శుభకార్యాలకు మళ్ళీ పెట్టాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెళ్ళి కానుకల మీద వధూవరులకు ఆదాయపు పన్ను లేదు. ఓణీల ఫంక్షన్‌కి ఆ మినహాయింపు వర్తించదు. మేనమామ, మేనత్త, బాబాయి లాంటి దగ్గరివాళ్ళు ఇచ్చింది పక్కన పెడితే, మిగతావాళ్ళు ఇచ్చింది ఏడాదిలో 50,000 దాటితే ఆ మొత్తమంతా ఆదాయంలో కలుస్తుంది.

పుస్తకంలో రాసినవి ఎక్కడికీ పోవు. చదివింపుకి గడువు తేదీ లేదు, పాప పెళ్ళి వరకూ ఆగినా ఎవరూ తప్పు పట్టరు. ఇప్పుడు ఇంటి దగ్గరే, 60 మందితో, దాచుకున్న దాంట్లోంచి 50, 60 వేలు దాటకుండా చేసుకోండి.

ఈఎంఐ కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అందులో 10,000 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. దాని గడువు అయిదేళ్ళు, అప్పటికి అసలే 6 లక్షలు అవుతుంది. పాప ఇంటర్ అయి కాలేజీ సీటు చూసుకునే వయసు సరిగ్గా అదే. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్ళలోపే తెరవాలి కాబట్టి మీకిక కుదరదు. పాపకు చెల్లెలుంటే మాత్రం ఆలస్యం చేయకండి.

మీవారికి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించండి. అత్తగారి దగ్గర మాత్రం లెక్కలు తీయకండి. మేనమామ ఓణీ ఇచ్చే ముహూర్తం ఎప్పుడో, ఆ 60 మంది ఎవరో ఆవిడనే చెప్పమనండి.